ఎగిరిన పిల్ల దిగే తీరు

మే 18, ఆదివారం

పరకాల వెళ్ళి వచ్చాను. వేసవి వాలీబాల్ క్యాంపు ఆఖరి రోజు. ముప్పై మందికి పైగా ఆడపిల్లలు. పొద్దున ఎనిమిదికే ఎండ మాడ్చేస్తోంది. సగం మంది పేర్లు అడగలేదు, అడగాల్సిన పని పడలేదు.

ఆట చూడక ముందే నాకు సగం తెలిసిపోతుంది. ఆటో దిగిన పిల్ల తన సంచి తానే మోసుకుంటుందా, తల్లి చేతికిస్తుందా. చెప్పుల సైజు ఎంత. తల్లిదండ్రులు వస్తే ముందు వాళ్ళ ఎత్తు చూస్తాను, తరవాతే పిల్లను. ఆట మొదలయ్యాక బంతిని చూడను. బంతి తన దగ్గర లేనప్పుడు పిల్ల ఏం చేస్తోందో చూస్తాను. పక్క పిల్ల తప్పు చేస్తే మొహం ఎటు తిప్పుకుంటుందో చూస్తాను. చివర్లో అందరి ముందూ ఒక మాట అని చూస్తాను. ఏడ్చేవాళ్ళు వద్దు. ఎదురు చెప్పేవాళ్ళు అసలే వద్దు. పెదవి కొరుక్కుని మళ్ళీ వచ్చి వరుసలో నిలబడుతుందే, ఆ పిల్ల కావాలి నాకు.

ఇవాళ ఒక బొద్దు పిల్లను "నీకు ఆకలి మంచిగున్నది గని ఆటనే లేదు బిడ్డా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వబోయి ఏడ్చింది. తల్లి అక్కడే షెడ్డు నీడన కూర్చుని ఉందని తరవాత తెలిసింది. అయితే మాత్రం ఏం, ఆ పిల్లకు ఇంకో రెండేళ్ళ తిప్పలు తప్పించాను.

ఒక్కతే దొరికింది. షాహీన్. మట్టెవాడ పిల్లే, పరకాలలో మేనత్త ఇంటికి వచ్చి క్యాంపులో చేరిందట. ఇంటర్ అయిపోయింది. అయిదు అడుగుల పది అంగుళాలు. ఎగిరితే మోచేయి నెట్టు పైన కనబడుతోంది. మొదటి బంతి కొట్టగానే "గదేం దెబ్బ, దోమను గొడ్తానవా?" అని అరిచాను. తల వంచుకుని వెళ్ళి వరుసలో నిలబడింది. రెండో బంతి అవతలి పిల్ల చేతులకు తగిలి, ఆ పిల్ల చేతులు విదిలించుకుంటూ కూర్చుండిపోయింది.

దిగేటప్పుడు షాహీన్ కుడి మోకాలు లోపలికి వాలుతోంది. ప్రతిసారీ.

సరిచేయవచ్చు.


మే 19

ఉమాకాంత్ గారికి చెప్పాను. మా కాలేజీ ఆయన చేతికి వచ్చినప్పటి నుంచి ఆటలంటే ఆయనకు దండగ. "విజయశ్రీ మేడమ్, ఈసారి యూనివర్సిటీ టోర్నమెంటుల ఫైనల్ దాకన్న రాకపోతె ఆ గ్రౌండుల మన బస్సులు నిలవెట్టుకుంట. మీకు లైబ్రరీల ఏదన్న పని జూద్దాం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఫీజు లేని సీటు ఒక్కటే ఇస్తాడట. అదీ ఆడినన్నాళ్ళే.

లైబ్రరీ. ఆ గ్రౌండు మీద రాళ్ళు ఏరింది నేను. పిల్లలతో కలిసి చున్నీ నడుముకు కట్టుకుని ఏరాను.


మే 22

షాహీన్ వాళ్ళ ఇల్లు. ముందు గదే షాపు. స్పాంజి ముక్కలు, రెగ్జిన్ చుట్టలు, కాళ్ళు పైకి పెట్టి తిరగేసిన సోఫా. తండ్రి ముక్తార్ పెదవుల మధ్య మేకులు పట్టుకుని పని చేసుకుంటున్నాడు. నన్ను చూసి మేకులు అరచేతిలోకి ఉమ్మి లేచి నిలబడ్డాడు. తల్లి లేదు. నాయనమ్మ బడేబీ పెంచిందట.

ముక్తార్ పొడుగే. మనసులో రాసుకున్నాను.

బడేబీ నా పక్కనే కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది. "అందరు దీన్ని కరెంటు స్తంభం అంటరు బిడ్డా. గింత పొడుగు పిల్లకు పిల్లగాన్ని యాడ తేవాలె అని నాకు ఫికర్. నువ్వేమో గీ పొడుగు కోసమే ఇల్లు ఎదుక్కుంట వచ్చినవ్" అంది. షాహీన్ తలుపు వెనక నవ్వుతోంది. లోపల కూడా కొద్దిగా వంగే నిలబడింది. పొడుగు పిల్లలందరికీ ఉండే అలవాటు.

ముక్తార్ ఒక్కటే అడిగాడు. "నాకు ఆట తెల్వది మేడమ్. దెబ్బ దాకితె?"

"నా బిడ్డ లెక్క చూసుకుంట. నా మీద వదిలేయుండ్రి."

ఆయన మొహం తేటపడింది. చాయ్ తాగి వచ్చాను.


మే 25

కరీంనగర్ కాలేజీ కోచ్ రాజమౌళి కూడా షాహీన్‌ను చూశాడట. హనుమకొండ బస్టాండులో కనబడ్డాడు. నాకంటే చిన్నవాడు, అక్కా అంటాడు.

"అక్కా, ఆ పిల్ల మోకాలు జూసినవా?"

"ఏమైంది?"

"ఏమైందేంది, దిగినప్పుడల్ల లోపలికి వోతాంది గద. నేనైతె తీసుకుంట గని ఆర్నెల్లు మ్యాచ్ ఆడనియ్య. ముందు తొడలు గట్టివడాలె, దిగుడు మొదటి నుంచి నేర్పాలె. వచ్చే ఏడాదికి పులి లెక్క తయారైతది. నీ దగ్గరికొచ్చినా గదే జెయ్యి అక్కా. లేకపోతె ఆగమైతది పిల్ల."

"చేస్త తమ్మీ."

నాకు తెలియనట్టు చెప్తాడు. నా మోకాలి మీద కుట్లు పడ్డ నాటికి ఈయన నిక్కరు వేసుకుంటున్నాడు.


మే 26

షాహీన్‌కు ఫోను చేశాను. రాజమౌళి సార్ నిన్ను ఆరు నెలలు ఆడనివ్వనంటున్నాడు అని చెప్పాను. అది నిజమే.

"ఎందుకు మేడమ్? నా ఆట మంచిగ లేదా?"

"ఆయన మనసుల ఏమున్నదో నాకేం తెల్సు. నా దగ్గరైతె మొదటి మ్యాచ్ నుంచే ఆడ్తవ్."

 "మీ దగ్గరికే వస్త మేడమ్" అంది. గొంతు వణికింది. సంతోషంతోనే అనుకుంటాను.


జూన్ 16

షాహీన్ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఇచ్చేసింది. ఇక ఎక్కడికీ పోదు.


జులై 3

పొద్దున అయిదున్నరకు ప్రాక్టీసు. అందరికంటే ముందు షాహీనే వస్తోంది. నెట్టు తానే కడుతోంది. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, ఎందుకని అడగదు. ఇలాంటి పిల్ల పదేళ్ళకు ఒక్కసారి దొరుకుతుంది.

"మేడమ్, మీ కాలుకేమైంది?" అని మాత్రం అడిగింది. నేను గ్యాలరీ మెట్లు ఒక్కొక్కటి ఆగి దిగడం చూసి.

"స్టేట్ ఫైనల్ల గ్రౌండు తడిగుండె. జారిన" అన్నాను. అందరికీ అదే చెప్తాను. అదే జరిగింది.


జులై 9

ఇందు ఇవాళ నా గదికి వచ్చింది. మరిపెడ పిల్ల, మూడో సంవత్సరం, కెప్టెన్. బంతి లేపి ఇవ్వడంలో ఈ జిల్లాలో దాన్ని మించినవాళ్ళు లేరు. పొట్టిది కాబట్టి ఎవరూ తీసుకుపోలేదు, నా దగ్గర మిగిలింది.

"మేడమ్, ఒక మాట. షాహీన్ దిగేటప్పుడు మోకాలు లోపలికి పోతాంది. మొన్నటి నుంచి చూస్తాన్న. జర మీరొకసారి చూస్తరా?"

"నువ్వెప్పుడు డాక్టరువైనవ్?"

"గట్ల గాదు మేడమ్..."

"నువ్వు బంతి నెట్టుకు దగ్గర్గ ఇస్తానవ్. అందుకోలేక అది వంకర దిగుతాంది. తప్పు నీది పెట్టుకొని దాని మీద నెడ్తానవ్."

 వెనక్కి తిరిగి వెళ్ళింది. సాయంత్రం అందరి ముందూ షాహీన్‌ను కెప్టెన్ చేశాను. ఇందు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. నాకు ఆ చప్పట్లు నచ్చలేదు.


జులై 10

బంతి నెట్టుకు దగ్గరగానే ఇస్తోంది. ఇవాళ గమనించి చూశాను. కొన్నిసార్లు.


జులై 28

ఖమ్మం కాలేజీతో స్నేహపూర్వక మ్యాచ్. మూడు సెట్లూ మావే. ఖమ్మం కోచ్ నా దగ్గరికి వచ్చి "ఈ పిల్లను యాడ వట్టినవక్కా" అని అడిగింది. చెప్పలేదు.

దిగడం నేర్పాలంటే ఎగరడం ఆపించాలి. ఎగరడం ఆపితే నవంబర్ టోర్నమెంటు పోతుంది. నవంబర్ తరవాత నేర్పుతాను. డిసెంబర్, జనవరి అంతా దానికే.


ఆగస్టు 19

వాన. ప్రాక్టీసు లేదు.


సెప్టెంబర్ 5

ఏటా ఈ రోజు వీరభద్రం సార్ దగ్గరికి వెళ్తాను. కాజీపేటలో చిన్న ఇల్లు. నాకు బంతి పట్టడం నేర్పిన మనిషి. ఎడమ చెయ్యి పడిపోయింది, మాట మాత్రం స్పష్టంగానే ఉంది. సార్ భార్య పూలమ్మ అమ్మ చాయ్ పెడతానని లోపలికి వెళ్ళింది. నేను షాహీన్ గురించి చెప్పాను. ఎత్తు, దెబ్బ, అన్నీ. సార్ కళ్ళు మెరిశాయి.

"దిగుడెట్లున్నది?" అని అడిగాడు.

"కుడి మోకాలు కొంచెం లోపలికి వోతది సార్."

సార్ నవ్వాడు. బాగున్న చెయ్యి ఎత్తి నా మోకాలి వైపు చూపించాడు. "నీది గూడ గంతే గద. ఎడమది. నువ్వు స్కూల్ల ఉన్నప్పుడు మొదటిసారి ఎగురంగ జూసిన్నాడే అనుకున్న. ఈ పిల్లకు రెండేండ్లు, ఎక్కువైతె మూడేండ్లు. ఆ లోపట ఎంత పిండుకుంటె అంత."

నేను చున్నీ మోకాలి మీదికి లాక్కున్నాను. 

"తప్పుగ అనుకోకు బిడ్డా. నీ మీద నాకున్న నమ్మకం గది. నిన్ను ఏడాది పక్కకు కూసోవెట్టి దిగుడు నేర్పిస్తె మనకు స్టేటు కప్పు వచ్చేదా?"

"రాకపోయేది సార్."

"మరి!"

పూలమ్మ అమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. "ఇప్పుడెందుకయ్య గా మాటలు" అంది. గ్లాసు నా చేతికిచ్చేటప్పుడు నా మొహం చూడలేదు.

చాయ్ తాగాను. కాళ్ళకు దండం పెట్టాను. శాలువా కప్పాను. ఎప్పటిలాగే.


సెప్టెంబర్ 6

ఆ రోజు గ్రౌండు తడిగానే ఉంది. ముందు రోజు వాన పడింది. నాకు బాగా గుర్తుంది.


సెప్టెంబర్ 8

షాహీన్‌ను ఇవాళ ఎగరవద్దన్నాను. గోడకు ఆనుకుని కూర్చోవడం, ఒంటి కాలి మీద వంగి లేవడం, మెట్టు మీంచి మెల్లగా దిగడం. అవే చేయించాను. ఇందు దూరం నుంచి చూస్తోంది. వెళ్ళేటప్పుడు నాకు నమస్తే పెట్టింది. జులై నుంచి పెట్టలేదు.

ఇలాగే చేయిస్తాను. టోర్నమెంటు ఏమైతే అయింది.


సెప్టెంబర్ 11

ఉమాకాంత్ గారు ఇద్దరిని వెంటబెట్టుకుని గ్రౌండుకు వచ్చాడు. వాళ్ళ చేతుల్లో టేపు. ఈ చివర నుంచి ఆ చివరకు కొలుస్తున్నారు. ఒకడు కోర్టు మధ్యలో నిలబడి "బస్సులు ఈడ తిరుగుతయి సార్" అన్నాడు.

"ఊకె కొలిపిస్తాన్న మేడమ్, మీరు ఆడుకోండ్రి" అన్నాడు ఉమాకాంత్.

షాహీన్‌ను లేపి ఎగరమన్నాను.


సెప్టెంబర్ 30

షాహీన్ అంది, "మేడమ్, దిగినంక లోపల ఏదో గుంజినట్టయితాంది."

"ఆడేటోళ్ళందరికి గుంజుతది. నొప్పి లేని ప్లేయర్‌ను చూపియ్యి నాకు."

"సరే మేడమ్."

అంతే. ఇంకో మాట లేదు. అందుకే అంటాను, పదేళ్ళకు ఒక్కతే దొరుకుతుందని.


అక్టోబర్ 14

మోకాలికి పట్టీ చుట్టి ఆడిస్తున్నాను. మ్యాచ్ ముందు ఒక గోళీ. ఇంట్లో చెప్పవద్దన్నాను, మీ అబ్బాకు ఊరికే ఫికరవుతుంది అని. నిజంగానే అవుతుంది కదా. ప్రాక్టీసు అయ్యాక ఇందు క్యాంటీన్ నుంచి ఐసు తెచ్చి దాని కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటారు. నేను వెళ్తే ఆపేస్తారు.

నవంబర్ తరవాత.


నవంబర్ 22, శనివారం

సెమీఫైనల్. ఖమ్మంతోనే. నాలుగు సెట్లయ్యాక చెరి రెండు. ఆఖరి సెట్టులో వరుసగా వాళ్ళు ముందుకు పోతుంటే షాహీన్ ఒక్కతే లాక్కొచ్చింది. వాళ్ళ మీద రెండు పాయింట్లు ఎక్కువ తెచ్చింది. గ్యాలరీలో జనం దాని పేరు పెట్టి అరుస్తున్నారు. బడేబీ కూడా వచ్చింది, ముక్తార్ పక్కన బుర్ఖా ముసుగు పైకెత్తుకుని కూర్చుంది. అది ఎగిరిన ప్రతిసారీ ముసలామె కూర్చున్న చోటే లేచి కూర్చుంటోంది.

ఇందు లేపిన బంతి నెట్టుకు దూరంగానే ఉంది, చక్కగా, ఎక్కడ ఉండాలో అక్కడ. షాహీన్ ఎగిరి కొట్టింది. పాయింటు. దిగింది.

ఆ చప్పుడు గ్యాలరీ దాకా వినబడి ఉంటుంది. ఎండిన కంప విరిచినట్టు. నాకు తెలిసిన చప్పుడే.

నేను ముందు స్కోరు చూశాను.

తరవాత సబ్‌స్టిట్యూట్‌ను లేపాను. అది షాహీన్ వైపే చూస్తుంటే భుజం పట్టి లోపలికి తోశాను. ఆ తరవాత షాహీన్ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఇందు దాని తల ఒళ్ళోకి తీసుకుంది. షాహీన్ అరవడం లేదు. నన్ను చూసి, "పాయింట్ వచ్చిందా మేడమ్?" అని అడిగింది.

"వచ్చింది" అన్నాను.

స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. ముక్తార్ మెట్ల మీద చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. నేను వెళ్ళలేదు, సెట్టు మిగిలి ఉంది. వెళ్ళబోతున్న ఇందును చెయ్యి పట్టి ఆపాను. అది కళ్ళు తుడుచుకుంటూనే మిగతా బంతులన్నీ లేపి ఇచ్చింది. గెలిచాం.


నవంబర్ 23

ఫైనల్ ఓడిపోయాం. మూడు సెట్లు వరుసగా. పరవాలేదు, ఫైనల్ దాకా వచ్చాం.


నవంబర్ 25

దవాఖానకు వెళ్ళాను. మోకాలి లోపలి లిగమెంటు పూర్తిగా తెగిందట. చిప్ప కూడా దెబ్బతింది. ఆపరేషన్ చేస్తారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇది ఒక్క రోజుల అయింది గాదు మేడమ్, ఎప్పటి నుంచో వాపున్నట్టున్నది. ఎవరు చూడలేదా?" అన్నాడు. పిల్ల ఎవరికీ చెప్పుకోలేదన్నాను. ఆట మాట అడిగితే "ముందు మెట్లు ఎక్కనీయుండ్రి" అన్నాడు.

షాహీన్ మంచం చాలక పాదాలు బయటికి ఉన్నాయి.

"సారీ మేడమ్. నా వల్లనే ఫైనల్ పోయింది" అంది.

"పరవాలేదు" అన్నాను.

దారంతా అదే మాట. పరవాలేదని ఎందుకన్నాను. నీ వల్ల కాదు అనాల్సింది. నోటికి ముందు అది వచ్చింది.


నవంబర్ 29

కాలేజీలో సన్మానం. ఉమాకాంత్ గారు నాకు శాలువా కప్పాడు. గ్రౌండు ఉంటుందట. బస్సులకు వెనక స్థలం చూసుకుంటాడట. తరవాత గదిలోకి పిలిచి, "గా పొడుగు పిల్ల ఇగ ఆడదు గద? గా సీటు వేరేటోళ్ళకు చూడుండ్రి మరి" అన్నాడు. సరేనన్నాను. నేను కాదంటే మాత్రం ఆగుతాడా.

శోభారాణి మేడమ్, తెలుగు లెక్చరర్, స్టాఫ్ రూములో "ఆ పిల్లకెట్లుంది?" అని అడిగింది. బాగానే ఉందన్నాను.


డిసెంబర్ 2

షాహీన్ ఇంటికి వచ్చేసిందంటే చూడటానికి వెళ్ళాను. ఆపరేషన్ అయిన కాలు దిండ్ల మీద. బడేబీ నన్ను చూసి లేచి లోపలికి వెళ్ళింది. ముక్తార్ షాపులో లేడు. గదిలో మేమిద్దరమే.

"మేడమ్, ఒకటి అడుగుతా?"

"అడుగు."

"నా మోకాలు లోపలికి పోతాందని మీకు మొదటి నుంచే తెల్సా?"

నేను దాని కాలు వైపు చూస్తున్నాను. కట్టు కింద వాపు.

"ఎవలన్నరు?"

"ఇందు. మీకు జులైల్నే చెప్పిందట. మీరు తిట్టిండ్రట. రాజమౌళి సార్ గూడ అందుకే నన్ను ఆర్నెల్లు ఆడనియ్యనన్నడట, ఆయనకు ఫోన్ జేసి కనుక్కున్నదట."

"నాకు తెల్వదు షాహీన్" అన్నాను. "తెలిస్తె ఆడిపిస్తనా?"

అది గట్టిగా ఊపిరి వదిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ మొహం తేటపడింది. అచ్చం దాని తండ్రి మొహం.

"నేను గూడ గదే అన్న మేడమ్. మా మేడమ్ కాలు గూడ గిట్లనే పోయింది, ఆ బాధ తెల్సినామె నన్ను గట్ల చేస్తదా అన్న. ఇందు ఉన్నది గద, దానికి మీ మీద కోపం, కెప్టెన్‌గ తీసేసిండ్రని. దానితోని మాట్లాడుడు బంజేసిన. ఫోన్ ఎత్తుతలేను. ఇంటికొస్తె తలుపు దీస్తలేను."

చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. పెద్ద చెయ్యి. నా వేళ్ళు దానిలో పూర్తిగా మునిగిపోయాయి.


డిసెంబర్ 3

ఆ సమయంలో ఇంకేం చెప్తాను. ఆపరేషన్ అయిన పిల్ల. నిమ్మళంగా ఉండాలని డాక్టరే చెప్పాడు.


డిసెంబర్ 5

ఇందు వచ్చింది. గది బయటే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడమ్, నన్ను టీముల నుంచి తీసేయుండ్రి, నాకు ఫికర్ లేదు. ఎట్లైన మార్చిల పోతాన్న. షాహీన్‌కు ఒక్క మాట నిజం చెప్పుండ్రి. అది నన్ను నమ్ముతలేదు. రోజు ఐస్ వెట్టిన నన్ను దొంగను జూసినట్టు చూస్తాంది."

"ఏం నిజం?"

నా మొహంలోకి అలాగే చూస్తూ నిలబడింది. పొట్టి పిల్ల, తల పైకెత్తి చూడాలి. నేనే ముందు కళ్ళు దించుకున్నాను, టేబుల్ మీద ఏదో వెతుకుతున్నట్టు. మళ్ళీ చూసేసరికి లేదు.


డిసెంబర్ 6

రేపు ఆదివారం. మట్టెవాడ వెళ్ళి చెప్పేస్తాను. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. ఇందు మంచి పిల్ల అని మొదలుపెడతాను.


డిసెంబర్ 7

వెళ్ళలేదు. మోకాలు పట్టేసింది, చలి.


డిసెంబర్ 10

వీరభద్రం సార్ ఫోను చేశాడు. పేపర్లో చూశాడట, ఫైనల్ దాకా వచ్చామని. "శభాష్ బిడ్డా" అన్నాడు. "ఆ పొడుగు పిల్ల ఎట్లున్నది?" అని అడిగాడు.

"పోయింది సార్, మోకాలు."

"ఆఁ. జర తొందరగనే పోయింది" అన్నాడు.

ఫోను పెట్టేశాక చాలాసేపు వంటింట్లో నిలబడ్డాను. ఆయన్ను రెండు మాటలు అనాల్సింది.  ఏది అన్నా నాకే తగులుతుంది.


డిసెంబర్ 14, ఆదివారం

పొద్దున్నే తలుపు చప్పుడైతే తీశాను. ముక్తార్. స్కూటరు వెనక ఏదో పాత దుప్పటి చుట్టి కట్టుకొచ్చాడు. విప్పితే పీట. టేకు చెక్క, మీద మందంగా స్పాంజి, మెరూన్ రంగు గుడ్డ. అంచుల్లో మేకులు వరుస తప్పకుండా కొట్టాడు.

"షాహీన్ జేపిచ్చింది మేడమ్" అన్నాడు. "మీకు కాలు మడత పడదంట గద. గంటలు గంటలు నిలవడి నొస్తదంట. ఇంటికొచ్చినంక కాలు వెట్టుకోనీకె ఏదన్న జెయ్యి అబ్బా అని నా పానం తీసింది. ఎత్తు గూడ అదే చెప్పింది, మిమ్మల్ని జూసిన అందాజల."

లోపలికి రమ్మన్నాను. రాలేదు, షాపు తెరవాలన్నాడు. సీటు పోయిందన్న సంగతి ఆయనకు అప్పటికే తెలుసు, ఆఫీసు నుంచి ఫోను వచ్చిందట. "మీరేం జేస్తరు మేడమ్, మీ చేతుల ఉంటదా. ఇంట్ల ఉండి పరీక్షలు రాస్తది" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు.

స్కూటరు ఎక్కాక మళ్ళీ ఆగాడు. "ఆ ఇందు అనే పిల్ల మొన్న గూడ వచ్చింది. గుమ్మంల నిలవడి ఏడ్సింది. మీ మీద ఏదేదో చెప్తాంది. నేనే గట్టిగ జెప్పిన, ఇగ మా ఇంటికి రాకు బిడ్డా అని. మంచిగ జేసిన్నా మేడమ్?"

ఆయన నా జవాబు కోసం చూస్తున్నాడు. వీధిలో ఎవరూ లేరు.

"మంచిగ జేసిండ్రు" అన్నాను. "షాహీన్ మనసు ఇప్పుడు నిమ్మళంగ ఉండాలె."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

పీటను కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాను. కాలు పెట్టి చూశాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది.